బాయిల దిగిండు

అనసూర్య తెలుగు వ్యాసానికి రాజాన్ని ఎంచుకోవడానికి కారణం రాజం మీద ప్రేమ కాదు, అతనున్న పాఠం రెండు పేజీలే ఉండటం. తెలుగు వాచకంలో మిగతా కథలన్నీ పదేసి పేజీలు. వాటిలో ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుపెట్టుకునే లోపలే నిద్ర ముంచుకొస్తుంది. ఏడో పాఠంలో మనుషులు ఇద్దరే. అన్న కథ మొదలయ్యేసరికే చనిపోయి ఉంటాడు. తమ్ముడు రాజం చివరి వాక్యంలో చచ్చిపోతాడని గైడు చెబుతోంది. చదవాల్సింది తక్కువ, గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకా తక్కువ.

దూరవిద్య డిగ్రీలో అనసూర్యకు మిగిలింది ఆ ఒక్క తెలుగు పేపరే. నిరుడు నాలుగు మార్కులు తక్కువై తప్పింది. ఇంగ్లీషు దాటింది, అర్థశాస్త్రం దాటింది, చివరికి పుట్టి పెరిగిన భాష దగ్గర బోల్తా పడింది. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారని గనిలో ఎవరికీ చెప్పలేదు. ఈ వేసవికి డిగ్రీ చేతికొస్తే కంపెనీ పెట్టే క్లర్కు పరీక్ష రాయొచ్చు. ఆ పరీక్ష మళ్లీ ఎప్పుడు పెడతారో దేవుడికి కూడా తెలియదు. నాలుగేళ్ల కింద భర్త గనిలో పోయినప్పుడు అతని బదులు కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. అప్పటి నుంచి దీపాల గదిలో జనరల్ మజ్దూరుగా పనిచేస్తోంది.

ఆదివారాలు గోదావరిఖనిలో ఒక కాలేజీ గదిలో క్లాసులు జరిగేవి. ఇరవై రెండు మంది విద్యార్థులు, అందులో మీసాలు నెరిసినవాళ్లే ఎక్కువ. పంపు ఆపరేటర్లు, ఫిట్టర్లు, ఇద్దరు సెక్యూరిటీ గార్డులు, ఒక నర్సు. వెనక బెంచీలో, గనిలో బొగ్గు బండ్లు లాగే హాలేజీ దగ్గర ఫిట్టరుగా చేసే గులాం అలీ కూర్చుంటాడు. యాభై దాటాయి, మూడోసారి రాస్తున్నాడు. కొడుకు ఇంజినీరింగులో చేరినప్పటి నుంచి తనకూ ఒక డిగ్రీ ఉండాలని పట్టుబట్టాడు. కొడుకు కంటే ముందు పాసవుతానని పందెం కూడా కాశాడట.

పాఠం చెప్పే జగదీశ్వర్ సారు కరీంనగర్ నుంచి పొద్దుటి బస్సుకు వస్తారు. మెత్తని మనిషి. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడానికి మొహమాటపడి అందరినీ అమ్మా, అన్నా అంటారు. పన్నెండేళ్లుగా ఒకే నోట్సు చెబుతున్నారు. కాగితాలు అంచుల్లో పసుపెక్కిపోయాయి. ఎక్కడ జోకు వేస్తారో పాత విద్యార్థులకు ముందే తెలుసు.

ఆ ఆదివారం సారు పాత్ర విశ్లేషణ గురించి చెప్పారు. కథ మళ్లీ చెప్పడం విశ్లేషణ కాదన్నారు. ఆ మనిషి ఎలాంటివాడు, అలాంటివాడని నీకెట్లా తెలిసింది, ఆ సంగతి కథలో ఏ మాట దగ్గర దొరికింది, ఈ మూడూ చెప్పాలన్నారు. ఇల్లు కట్టేముందు ముగ్గు పోసుకున్నట్టు వ్యాసానికి ముందు ప్రణాళిక వేసుకోవాలని, వచ్చే ఆదివారం అందరూ ఒక పేజీ ప్రణాళిక తెచ్చి తన సంతకం పెట్టించుకోవాలని చెప్పారు. వ్యాసానికి ముప్పై మార్కులు. పెద్ద పరీక్షలో కూడా పాత్ర విశ్లేషణ ఒకటి తప్పకుండా వస్తుందని, గైడు బాగా చూసుకొమ్మని చెప్పి బస్సు అందుకోవడానికి వెళ్లిపోయారు.

గైడులో రాజం గురించి పేజీన్నర ఉంది. అనసూర్య దాన్ని ఆ రాత్రి పడుకునే ముందే సగం బట్టీ పట్టింది. రాజం పిరికివాడు. అన్న చావును తట్టుకోలేక, చేతిలో మిగిలిన ఆఖరి నాణెం ఇచ్చి దీపం కొని, చావడానికి నడుం కట్టి, అన్నను మింగిన బావిలోనే దూకి ప్రాణం తీసుకుంటాడు. బతుకు నుంచి పారిపోయే బలహీన మనస్తత్వానికి రాజం ప్రతీక. ప్రతీక అన్న మాట అనసూర్యకు బాగా నచ్చింది. దాన్ని కనీసం మూడుచోట్ల వాడాలని నిర్ణయించుకుంది.

*

సోమవారం డ్యూటీ దిగి వచ్చి, క్వార్టరు ముందు రేకుల నీడలో పుస్తకం పట్టుకుని కూర్చుంది. అనసూర్యకు కళ్లతో చదివితే ఎక్కదు, గొంతు పెట్టి చదవాలి. పక్కన అత్త సారవ్వ చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది. సారవ్వకు అక్షరం రాదు. కానీ కోడలు చదువుతుంటే అక్కడే ఏదో ఒక పని పెట్టుకుని కూర్చుంటుంది. రేడియో విన్నట్టు వింటుంది, మధ్యలో ఏమీ అనదు.

అనసూర్య చివరి పేరా చదివింది.

"పదకొండో దినం పొద్దుగాల రాజం లేచిండు. తలుపు దగ్గరికేసిండు. కిటికీల చెయ్యి పెట్టి బిళ్ల ఇచ్చిండు. దీపం నడుముకు కట్టుకుండు. బాయిల దిగిండు."

సారవ్వ చిక్కుడుకాయ విరిచింది. "ఏ షిఫ్టుకు?" అని అడిగింది.

అనసూర్య తలెత్తింది. ముందు ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు. ఇది పాఠమనీ, ఇందులో షిఫ్టులుండవనీ చెప్పింది.

"పాఠమే తియ్. దిగిండంటివి గదా. పొద్దుగాల్నంటివి. మొదటి షిఫ్టేనా?"

డ్యూటీకి దిగడం కాదని, నీళ్ల బావిలో దూకి చచ్చిపోయాడని, గైడులో అట్లాగే ఉందని అనసూర్య ఓపిగ్గా వివరించింది. బిళ్ల అంటే నాణెమని, బాయి అంటే బావి అని గైడు కింద అర్థాలు ఇచ్చిన సంగతి కూడా చెప్పింది.

సారవ్వ చేట పక్కకు జరిపింది. "దుంకిండని ఉన్నదా, దిగిండని ఉన్నదా?"

"దిగిండని."

"దిగినోడు సచ్చిండని నీకెవలు చెప్పిండ్రు? బిళ్ల ఇచ్చి దీపం కట్టుకున్నోడు సావబోతడా బిడ్డా? బిళ్ల ఇచ్చుడంటేనే, మల్ల మీదికొచ్చి తీసుకుంట అని చెప్పుడు. మీ మామ ముప్పైయొక్క ఏండ్లు ఇచ్చిండు బిళ్ల. ఆ పిల్లగాడు అన్న దినాలైనంక డ్యూటీకి పోయిండు. గంతే."

అంతే అని సారవ్వ మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది. ఆమె దృష్టిలో అది అడగాల్సినంత పెద్ద సంగతి కూడా కాదు. షిఫ్టు మాత్రమే తెలియలేదు.

అనసూర్య పుస్తకం మూసింది, మళ్లీ తెరిచింది. ఆ ఐదు వాక్యాలూ పెదవులు కదపకుండా చదివింది. వారానికి ఆరు రోజులు, రోజుకు నాలుగు వందల సార్లు, కిటికీలోంచి వచ్చే చేతుల్లో నుంచి ఇత్తడి బిళ్ల తీసుకుని దీపం అందించే మనిషి తను. బిళ్లను బిళ్ల అనే అంటుంది. పొద్దున ఇంట్లోంచి బయటపడ్డాక ఎవరు ఎదురైనా బాయికి పోతున్న అనే చెబుతుంది. ఇంత వయసులో ఒక్కసారి కూడా గనికి పోతున్న అనలేదు. అలాంటి తను పుస్తకంలో ఆ మాటలు కనపడగానే అవి వేరేవాళ్లవి అనుకుంది. అచ్చులో పడ్డ బాయి నీళ్ల బావే అయి ఉంటుందనుకుంది. తన మాట పుస్తకం దాకా నడిచి వచ్చిందని అనుమానం కూడా రాలేదు. గైడు రాసినాయన ఎక్కడివాడో, ఆయనకు తెలియక రాశాడు. మరి తనకు ఏమైంది?

సిగ్గనిపించింది. ఆ సిగ్గు కింద ఇంకేదో కూడా ఉంది. ఇన్నేళ్లలో వాచకం చదువుతుంటే ఎప్పుడూ కలగని గర్వం అది. ఎవరో ఒకాయన, తన కిటికీ ముందు నిలబడినవాడో, అలా నిలబడినవాడికి అన్నం పెట్టిన ఇంట్లోవాడో, ఈ కథ రాశాడు. రెండు పేజీల్లో ఎక్కడా బొగ్గు అనలేదు, కంపెనీ అనలేదు. తన వాళ్లకు చెప్పుకుంటున్నాడు కనుక ఆ మాటల అవసరం ఆయనకు పడలేదు.

*

మంగళవారం ఆరు గంటలకు అనసూర్య దీపాల గది తలుపు తీసింది. గోడ పొడవునా నంబర్ల వరసలు, వరసల్లో చార్జింగులో ఉన్న దీపాలు. ఒక్కొక్కటీ తీసి బ్యాటరీ మూత చూడాలి, వైరు ఎక్కడైనా చిట్లిందేమో వేలితో తడమాలి, బల్బు వెలిగించి అరచేతి మీద వెలుతురు పడేసి చూడాలి. వెలుతురు పసుపుగా పడితే ఆ దీపం పక్కన పెట్టాలి. తెల్లగా పడితేనే కిటికీకి పోతుంది. కింద ఎనిమిది గంటలు ఒక మనిషికి కళ్లు అవే.

ఆరున్నరకు కిటికీలోకి చేతులు రావడం మొదలైంది. ఆమెకు ముఖాల కంటే చేతులే ఎక్కువ తెలుసు. కొందరు బిళ్లను ఠకీమని చెక్క మీద కొడతారు. కొందరు వేళ్ల మధ్య తిప్పుతూ మాట్లాడుతూనే ఉంటారు. బిళ్ల కళ్లకద్దుకుని ఇచ్చేవాళ్లు పదిమంది దాకా ఉంటారు. ఆమె బిళ్ల తీసుకుని ఆ నంబరు మేకుకు తగిలిస్తుంది, అదే నంబరు దీపం అందిస్తుంది. మధ్యాహ్నం మేకులన్నీ ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఆ గదికి తాళం వేయరు. నాలుగేళ్లుగా చేస్తున్న పనే. ఆ పొద్దున మాత్రం ప్రతి బిళ్లా చేతిలో కాస్త బరువుగా తగిలింది.

నాలుగువందల పదిహేడు నంబరు దీపం ఆమె భర్తది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు అదే నంబరు బిళ్లతో ఎవరో కొత్త కుర్రాడి చెయ్యి కిటికీలోకి వచ్చింది. ఆమె దీపం తీసి, వెలిగించి, అరచేతి మీద చూసి ఇచ్చింది. ఆ రోజు తనను ఎవరైనా పిరికిది అని రాసి ఉంటే ఊరుకునేదా?

కొమురెల్లి వచ్చాడు. పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. కిటికీ దగ్గర తీరిక దొరికితే నాలుగు మాటలు చెప్పనిదే కదలడు. అనసూర్య దీపం అందిస్తూ అడిగింది. తోడబుట్టినవాడు కింద పోయాక, దినాలు చేసి, మళ్లీ దిగినవాడిని ఏమనాలి కాకా అంది. ఎవరి గురించి అని కొమురెల్లి అడగలేదు. అలాంటివాళ్లు ఆయనకు ఒక్కరు కాదు, చాలామందే తెలుసు.

బ్యాటరీని బెల్టుకు బిగించుకున్నాడు. వైరు వీపు మీదుగా తీసి దీపాన్ని టోపీకి తగిలించుకున్నాడు.

"మొదటి దినం దిగుడు పెద్ద పనేం గాదు బిడ్డా. ఏం తెల్వక దిగుతం. అంత తెలిసినంక దిగుతం చూడు, గది దిగుడు," అన్నాడు.

వెనక వరసలో వాళ్లు జల్ది కానియ్యమని అరిచారు. కొమురెల్లి కదిలాడు. అనసూర్య తరువాతి బిళ్ల అందుకుంది కానీ, ఆ మాట పోకుండా ఉండాలని దీపాల రిజిస్టరు వెనక అట్ట మీద పెన్సిలుతో రాసి పెట్టుకుంది.

*

ప్రణాళిక రాయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. గైడులో ఉన్నది ఎక్కించుకోవడం సులువు, సొంతంగా ఒక వాక్యం రాయడం ఇంత కష్టమని ఆమెకు అప్పటిదాకా తెలియదు. మొదటి వాక్యమే ఏడుసార్లు కొట్టేసింది. రాజం ధైర్యవంతుడు అని రాస్తే అది గైడు వాక్యం తిరగేసినట్టే ఉంది. సారు చెప్పిన మూడు సంగతులు గుర్తు తెచ్చుకుంది. ఎలాంటివాడు, ఎట్లా తెలిసింది, ఏ మాట దగ్గర దొరికింది. మూడోదానితో మొదలుపెట్టింది.

కాగితాన్ని నిలువుగా మడిచి గీత చేసింది. ఎడమవైపు కథలోని మాట, కుడివైపు తనకు తెలిసింది. కిటికీ. బిళ్ల. నడుముకు కట్టుకొనుడు. పదకొండో దినం. దిగిండు. ఒక్కో మాటకు ఎదురుగా రాసుకుంటూ పోయింది. పదకొండో దినం దగ్గర కొమురెల్లి మాట రాసింది. అన్న చనిపోయిన చోటు ఎట్లా ఉంటుందో రాజానికి ఇప్పుడు తెలుసు కనుక ఇది అతను మొదటిసారి దిగడం లాంటిదే అని దాని కింద రాసింది. రాసి రెండుసార్లు చదువుకుంది. ఇది ఏ గైడులోనూ లేదు. ఎవరిదీ చూసి రాయలేదు.

రాజం తలుపు దగ్గరికేసిన వాక్యం ఎందుకుందో మొదట తట్టలేదు. శుక్రవారం పొద్దున తను బయటపడుతూ లోపల పడుకున్న అత్త లేవకుండా తలుపు దగ్గరికేసినప్పుడు తెలిసింది. చావబోయేవాడు ఇంట్లోవాళ్ల నిద్ర గురించి ఆలోచిస్తాడో లేదో ఆమెకు తెలియదు. డ్యూటీకి పోయేవాడు మాత్రం రోజూ ఆలోచిస్తాడు. అదీ రాసింది.

శనివారం శుభ్రంగా తిరగరాస్తూ ఒకచోట ఆగిపోయింది. అలవాటు కొద్దీ బాయి అన్నచోటల్లా గని అని రాసుకుంటూ వచ్చింది. గని అయితే సారుకు మర్యాదగా ఉంటుంది, పేపరు దిద్దేవాళ్లకు అర్థమవుతుంది. కానీ కథ రాసినాయన గని అని రాయలేదు. ఆయనకు ఆ మాట రాక కాదు. అనసూర్య కాగితం చించేసి ఇంకోటి తీసుకుంది. ఈసారి అన్నిచోట్లా బాయి అనే రాసింది. ఒక్కోచోట అక్షరం కొంచెం పెద్దగా కూడా పడింది.

*

ఆదివారం చౌరస్తాలో తెలంగాణ దీక్షల టెంటు ముందు ఊరేగింపు ఉండటంతో షేరాటో చుట్టు తిరిగి వచ్చింది. అనసూర్య చేరేసరికి సారు బల్ల మీద ప్రణాళికలు పెట్టుకుని సంతకాలు చేస్తున్నారు. ఏడుగురు రాజాన్నే రాశారు. ఏడుగురి ప్రణాళికల్లోనూ అతను నాణెమిచ్చి దీపం కొని బావిలో దూకాడు. సారు చూసీ చూడనట్టు సంతకం పెట్టి పక్కన పెడుతున్నారు.

అనసూర్య కాగితం దగ్గర చెయ్యి ఆగింది. మొదటి నాలుగు వరసలు చదివారు. ఎర్ర పెన్ను తీసి పై నుంచి కింది దాకా ఒక గీత గీశారు. కోపంతో గీయలేదు. లెక్క తప్పిన చిన్నపిల్లల పలక తుడిచినట్టు జాలిగా గీశారు.

"అమ్మా, ఇదేంది? రాజం డ్యూటీకి పోయిండని రాసిండ్రు. రచయిత హృదయమే తలకిందులైంది. నిరుడు నాలుగు మార్కులతోనే గదా తప్పింది? గైడుల ఉన్నది రాసుకొచ్చి సంతకం పెట్టించుకోండి," అన్నారు.

అనసూర్య నాలుగు సాయంత్రాల పని మీద ఆ ఎర్రగీత నిలువునా పడి ఉంది. కాగితం తీసుకుని వెనక్కి రావడమే సులువు. ఆమె కదలలేదు. పాఠంలో ఆఖరి పేరా ఒక్కసారి చదవమని సారును అడిగింది.

సారు చదివారు. పన్నెండేళ్లుగా చదువుతున్న గొంతుతో, అలవాటైన చోట విరామమిస్తూ, చావు దగ్గర పడుతున్నట్టు గొంతు తగ్గిస్తూ చదివారు. దీపం నడుముకు కట్టుకుండు అన్నచోట అనసూర్య ఆపింది.

"నూనె దీపం నడుముకు కట్టుకుంటే పంచె అంటుకోదా సారు?"

ముందు బెంచీలో ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. నడుం కట్టడమంటే సిద్ధపడటమని, అది జాతీయమని సారు అన్నారు. అంటూనే పుస్తకంలోకి చూశారు. అక్కడ నడుం కట్టిండు అని లేదు. దీపం నడుముకు కట్టుకుండు అని ఉంది. ఆయన ఆ వాక్యాన్ని రెండోసారి లోపల్లోపల చదువుకోవడం అందరికీ కనిపించింది.

అనసూర్య ఇక ఆగలేదు. తను పొద్దున ఆరు గంటల నుంచి చేసే పని చెప్పింది. కిటికీ ఎంత ఎత్తుంటుందో, చెయ్యి ఎట్లా లోపలికి వస్తుందో, బిళ్ల ఏ మేకుకు తగిలిస్తారో చెప్పింది. ఆ బిళ్ల నాణెం కాదని, దాని మీద మనిషి నంబరుంటుందని, షిఫ్టు అయ్యాక అది మేకు మీద మిగిలిపోతే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని తెలుసుకుని వెతకడానికి పోతారని చెప్పింది. దాన్ని ఇచ్చినవాడు చావడానికి పోడు, తిరిగి తీసుకోవడానికి పోతాడు. అన్న బిళ్ల మేకు మీదనే మిగిలిపోవడం చూసినవాడు, పదకొండో నాడు తన బిళ్ల అదే కిటికీలో పెట్టాడు. అతన్ని పిరికివాడని ఎట్లా రాయాలి సారు అని అడిగింది.

జగదీశ్వర్ సారు కుర్చీలో వెనక్కి వాలారు.

"మా జగిత్యాల దిక్కు బాయంటే నీళ్ల బాయేనమ్మా. చిన్నప్పుడు మా నాయిన వెనక మోట తోలిన. ఒక మనిషి పడి సచ్చింది గూడ చూసిన," అన్నారు. "ఇక్కడ మీరంత బాయి బాయి అంటనే ఉంటరు. పన్నెండేండ్ల సంది వింటున్న. ఒక్కనాడు ఈ పేజీ దాక రాలే నాకు," అన్నారు.

వెనక బెంచీలో గులాం అలీ లేచి నిలబడ్డాడు. తనకు ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసని, రోజూ ఆ దీపం కట్టుకునే దిగుతున్నానని, అయినా గైడు చెప్పిందే నమ్మానని ఒప్పుకున్నాడు. పుస్తకంలో ఉంటే అది మన సంగతి కాదనే అనుకున్నామన్నాడు. అలా అంటూ అతను అనసూర్య వైపు చూసి తల ఊపాడు. ఏడుగురిలో అతను ఒకడు. అతని రాజం కూడా అంతకుముందే సారు సంతకంతో బావిలో దూకి ఉన్నాడు.

సారు అనసూర్య కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఈసారి చివరిదాకా చదివారు. తలుపు గురించి రాసినచోట చదవడం ఆపి, కళ్లద్దాలు తీసి, తుడుచుకుని పెట్టుకున్నారు. ఎర్రగీత పక్కన సంతకం పెట్టారు. కింద ఆధారాలు అన్నచోట వాచకం పేరొక్కటే ఉండటం చూసి, ఇవన్నీ ఎవరు చెప్పారని అడిగారు. దిగడం గురించి కొమురెల్లి కాక చెప్పాడని, అసలు దారి చూపింది మాత్రం మా అత్త అని, ఆమెకు చదువు రాదని అనసూర్య చెప్పింది.

"చదువు సంగతి నేనడగలే. ఎవరి మాట తీసుకున్నమో వాళ్ల పేరు రాయాలె, అది పద్ధతి. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత," అని పెన్ను ఇచ్చారు.

ఆ పెన్నులో ఉన్నది ఎర్ర సిరానే. అనసూర్య బల్ల మీదికి వంగి, గుండ్రంగా, ఇరుగురాల సారవ్వ అని రాసింది. దాని కింద కొమురెల్లి పేరు రాసింది. కొమురెల్లి ఇంటిపేరు తెలియక ఆగితే, వెనక నుంచి ఇద్దరు ముగ్గురు ఒకేసారి అందించారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న నగ మొదటిసారి పెట్టుకున్నప్పుడు కూడా తనను తాను అంతసేపు చూసుకోలేదు. ఆ రెండు పేర్ల వైపు మాత్రం అలాగే చూస్తూ నిలబడింది.

సారు ఒక సంగతి దాచకుండా చెప్పాలన్నారు. ఈ వ్యాసం తన చేతిలో ఉంది కనుక ముప్పైకి ఎంత వేయాలో తను వేస్తారు. పెద్ద పరీక్ష తన చేతిలో లేదు. పేపర్లు ఎక్కడికో పోతాయి, ఎవరో దిద్దుతారు. ఆ దిద్దేవాళ్లు కూడా ఈ గైడు చదువుకున్నవాళ్లే. గైడు రాసినవాళ్లకు ఉత్తరం రాస్తారు కానీ అది పరీక్ష లోపల అందుతుందన్న నమ్మకం లేదు.

"అక్కడ మాత్రం గైడుల ఉన్నదే రాయండమ్మా. మీకు క్లర్కు పరీక్ష ఉన్నది. ఈ ఒక్కసారికి రాజాన్ని దుంకనియ్యండి," అన్నారు. ఆయన వేళాకోళానికి అనలేదు, బతిమాలినట్టే అన్నారు.

అనసూర్య ఆ మాట గురించి నిజంగానే ఆలోచించింది. కుర్చీ, టేబులు, పైన తిరిగే ఫ్యాను, క్లర్కు అన్న మాట. నాలుగు మార్కులు. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియని పరీక్ష. ఇవేవీ తక్కువ సంగతులు కావు. వాటి కోసమే ఆదివారాలన్నీ పోగొట్టుకుంది. అయినా ఆ వాక్యం చేత్తో రాయడాన్ని ఊహించుకుంటే, రాజం పిరికివాడు అని మొదలుపెట్టడాన్ని ఊహించుకుంటే, వేళ్లు ఒప్పుకోలేదు.

"రాయను సారు. అక్కడ గూడ ఇదే రాస్త."

"తప్పుతరమ్మా. మీరొక్కరే తప్పుతరు."

గులాం అలీ ఇంకా నిలబడే ఉన్నాడు. బల్ల దగ్గరికి నడిచి వచ్చి, సారు సంతకం చేసిన కాగితాల్లోంచి తనది వెతికి తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"చెల్లె ఒక్కతే ఎందుకు తప్పుతది సార్. మేం గూడ తప్పుతం," అన్నాడు.

మిగతా ఆరుగురూ ఒకరి తరువాత ఒకరు లేచి వచ్చి తమ కాగితాలు తీసుకున్నారు. వాళ్లలో రాజాన్ని ఏడో పాఠంగా తప్ప ఎరగని నర్సు కూడా ఉంది. ఆమె తండ్రి గనిలో బండ్లు తోసే ట్రామరుగా పనిచేశాడట, ఆ సంగతి ఆ రోజే బయటపడింది. వెళ్లి ఎవరి చోట్లలో వాళ్లు కూర్చుని తెల్లకాగితాలు ముందు పెట్టుకున్నారు.

జగదీశ్వర్ సారు పసుపెక్కిన నోట్సులో ఏడో పాఠం తెరిచారు. ఆ పేజీ మీద నిలువుగా ఒక గీత గీసి, పేజీ తిప్పి, వెనక ఖాళీగా ఉన్నవైపు పెట్టుకున్నారు. కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని, అనసూర్యను బోర్డు దగ్గర నిలబడి చెప్పమన్నారు, అందరూ రాసుకునేలా కాస్త నిదానంగా చెప్పమన్నారు. ఆమె పమిట సర్దుకుని మొదటి వాక్యం చెప్పింది. ఇరవైయొక్క మంది రాసుకున్నారు, వాళ్లతోపాటు సారు కూడా రాసుకున్నారు.